నీళ్లు తాగిన గోడ

శుక్రవారం సెలవు. బహ్రెయిన్‌లో, గుదైబియాలోని ఆ కూలీల గదిలో అందరూ మధ్యాహ్నం అన్నం తిని ఏసీ కింద నడుం వాల్చారు. పరశురాం ఒక్కడే కాలుగాలిన పిల్లిలా మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతున్నాడు. పడుకున్నవాళ్లు తిట్టినా ఆగడం లేదు. నిన్న తన చేత్తో అతుకు వేసిన గోడ ఈ ఎండలో నీటిచుక్క లేకుండా ఎండుతోందని వాళ్లకేం తెలుసు!

జగిత్యాల వైపు తాపీ పట్టిన ఏ మేస్త్రీనైనా అడగండి. గోడ కట్టడం సగం పని, నీళ్లు కొట్టడం మిగతా సగం. పొద్దునా సాయంత్రం తడపకపోతే సిమెంటు నెర్రెలిస్తుంది. ఇంటాయన మరిచిపోతే మేస్త్రీయే వెళ్లి బకెట్టు పట్టుకుంటాడు. పరశురాం ఆ పద్ధతిలో పెరిగినవాడు.

కానీ ఈ ఇల్లు వేరు. నయీమ్ పేట పాత సందుల్లో, విక్టోరియా రాణి కాలంలో ఓ ఇంగ్లీషు వర్తకుడు కట్టించుకున్న కాంక్రీటు ఇల్లు. సిమెంటు పీపాల్లో ఓడెక్కి వచ్చిందట. లోపల ఇనప కడ్డీ ఒక్కటి లేదు. చెక్కల మధ్య పొరమీద పొర పోసి, దిమ్మిసతో కొట్టి లేపిన మూరెడు మందం గోడలు. ఆ చెక్కల గీతలు గదుల్లో ఇప్పటికీ వేలికి తగులుతాయి. వీధివైపు మాత్రం దొరగారికి కాంక్రీటంటే నామోషీ అనిపించిందేమో, పైన పలచని పూత పూయించి, అందులో అడ్డంగా నిలువుగా గీతలు గీయించి, చెక్కిన రాళ్లు పేర్చినట్టు గోడకు వేషం వేయించాడు. కిటికీల మీది కమానులకూ అదే వేషం. ఇప్పుడు ఆ వేషమే అందరికీ ముద్దు. సర్కారు ఆ ఇంటిని కాపాడవలసిన కట్టడాల్లో చేర్చింది. మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి.

పని చూసే ఇంజినీరు మరియమ్, బహ్రెయినీ అమ్మాయి, వచ్చీరాని హిందీలో మొదటిరోజే చెప్పింది: అతుకు మీద తడి గోనె కప్పండి, అంతే. నీళ్లు పోయొద్దు. అప్పట్లో సముద్రపు ఇసుక కలిపి పోశారు, గోడ కడుపునిండా ఉప్పే, తడిస్తే పైకి లేచి పూతను రాలగొడుతుంది. పరశురాం తలూపాడు. తలూపాడే గాని నమ్మలేదు. నీళ్లొద్దనే గోడ ఈ లోకంలో ఉంటుందా?

పైగా అతని భయం అతనిది. మామీర్ ఫ్యాక్టరీల దగ్గర ఇనుము మోస్తున్నవాణ్ణి ఫోర్‌మన్ నర్సింలు, పక్క ఊరివాడని, ఇక్కడికి తెచ్చి మేస్త్రీని చేశాడు. ఈ దేశం వచ్చాక తాపీ పట్టడం ఇదే మొదలు. ఆ అతుకు పగిలితే మళ్లీ ఇనుమే. చొక్కా తగిలించుకుని బయటపడ్డాడు.

ఆ పాత ఇంటి గేటు దగ్గర వాచ్‌మన్ సోమరాజు, అమలాపురం వైపు మనిషి, కుర్చీలోంచి లేచాడు.

"ఏంటండీ, సెలవుపూట కూడానా?"

"ఏం లేదన్నా. గోనె తడి ఉన్నదా లేదా సూసి పోత."

"చూడండి, చూడండి. ఈలోగా నేనలా టీ తాగొస్తానండీ."

గోనె అప్పడంలా ఎండిపోయి ఉంది. పరశురాంకి ప్రాణం ఉసూరుమంది. దాన్ని లాగేసి బకెట్టు నింపి పోశాడు. గోడ గటగటా తాగింది. "తాగు బిడ్డా" అన్నాడు ముద్దుగా. అతుకు మీదా, చుట్టూ పాత గోడ మీదా, బకెట్టు మీద బకెట్టు. ఎంత పోసినా దాహం తీరలేదు. మధ్యలో ఒకసారి మనసు తటపటాయించింది: కొత్త అతుకు తాగిందంటే సరే, పాత గోడ ఇంతలా తాగడమేమిటి? చెయ్యి మాత్రం ఆగలేదు. సోమరాజు టీ తాగి, కబుర్లన్నీ ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆ ఎండకి నేల కూడా ఆరిపోయింది.

రెండు రోజులకి గోడ మీద తెల్లని నూగు లేచింది. పరశురాం ఎవరూ చూడకుండా అరచేత్తో తుడిచాడు. తెల్లారేసరికి రెట్టింపు లేచింది. అతనికి అన్నం సయించలేదు. మంగళవారం వీధివైపు పూత పెచ్చులుగా రాలింది. దొరగారి రాళ్ల గీతలన్నీ నేలమీద పిండిగా పడి ఉన్నాయి. అతుకు మాత్రం నిక్షేపంగా ఉంది.

మరియమ్ ఆ పిండిలో మోకాళ్లమీద కూర్చుంది. నీళ్లెవరు పోశారని అడిగింది.

"ట్యాంకు పొర్లినట్టుంది" అన్నాడు నర్సింలు.

ఇంటి మీది ఆ నీళ్ల ట్యాంకు నింపేది సోమరాజు. పాపం, ఆయన తన నోటితోనే, "శుక్రవారం నేను టీకి వెళ్లానండీ. అప్పుడు పొర్లిందేమో" అన్నాడు. తాళం చెవి ఇచ్చెయ్యమన్నారు. ఖలాస్, ఉద్యోగం ఊడింది.

పరశురాం నర్సింలును పక్కకు లాగి జరిగింది చెప్పాడు.

"నోర్మూసుకో" అన్నాడు నర్సింలు. "గాయన ఇంకో తాన డ్యూటీ దొరకవట్టుకుంటడు. నువ్వు జెప్తే మల్ల మామీర్‌ల ఇనుము మోస్తవ్. నిన్ను తెచ్చినందుకు నన్ను గూడ తిడ్తరు."

ఆ మాటా నిజమే. పరశురాం తాపీ పట్టుకున్నాడు, పెట్టేశాడు. మెట్లెక్కాడు, దిగాడు. గేటు పక్క గదిలో సోమరాజు సామాన్ సర్దుకుంటున్నాడు. దుప్పటి మడతపెడుతూ, "మీ అతుకు బాగా కుదిరిందండీ" అన్నాడు. ఆ మెచ్చుకోలు పరశురాం భరించలేకపోయాడు.

సరాసరి మరియమ్ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ట్యాంకు కాదనీ, నీళ్లు తనే పోశాననీ హిందీలో చెప్పాడు.

ఎన్ని బకెట్లు పోశావంది. గోడ చాలనేదాకా పోద్దామనుకున్నానన్నాడు.

"చాలందా?"

"లేదు."

"మరి అప్పుడైనా ఎందుకు ఆపలేదు?"

పరశురాం సిగ్గుతో చచ్చిపోయాడు.

మరియమ్ అతన్ని మామీర్ పంపలేదు. తాపీ తీసుకుని నర్సింలు చేతికిచ్చింది. పరశురాం చేతికి మెత్తని బ్రష్షు ఇచ్చింది. లేచిన ఉప్పును పొడిగా దులపాలి. మళ్లీ లేస్తే మళ్లీ దులపాలి. తడపకూడదు, పూయకూడదు, గోడ తనంతట తాను ఆరేదాకా మరో పని చెయ్యకూడదు. కాలు నిలవని మనిషికి అంతకన్నా శిక్ష ఏముంటుంది!

తాళం చెవి సోమరాజుకి తిరిగొచ్చింది, దుప్పటి మళ్లీ పరుచుకున్నాడు. "ముందే చెప్పుంటే బాగుండేదండీ" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు పరశురాం వస్తే గేటు తీసి పక్కకు తప్పుకునేవాడు.

పరశురాం దులుపుతున్నాడు. వేళ్లు జిలపెడుతున్నాయి, అయినా దులుపుతున్నాడు. ఒక పొద్దున, బ్రష్షు ఇంకా తగలకముందే, అరచేయంత పెచ్చు ఊడి అతని చేతిలో పడింది. మీద రెండు గీతలు కలిసిన మూల. ఎవరో మేస్త్రీ బద్ద ఆనించి గీసిన గీత, వంకర లేదు. చుట్టూ ఎవరూ లేరు. ఇంత సున్నం కలిపి అంటిస్తే ఎవరికీ తెలియదు. అలా అంటించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఏడుపొచ్చింది, ఏడ్చాడు.

తర్వాత ఆ పెచ్చును రెండు చేతులా పట్టుకుని, హిందీయో తెలుగో చూసుకోకుండా ఇల్లంతా వినపడేలా అరిచాడు.

"మేడం! ఇంకోటి ఊడింది. జల్ది రాండ్రి!"