ఎదుట నిలిచిన మనిషి

అమీర్‌పేటలో బస్సు దిగి పంజాగుట్ట వైపు నడిచే జనంలో ప్రతి ఉదయం ఒక నడివయసు మహిళ కనిపిస్తుంది. బోరబండ నుంచి వస్తుంది. దారిలో పూలమ్మే మనిషిని పలకరిస్తుంది, కోచింగ్ సెంటర్ల ముందు గుంపులుగా నిలబడ్డ పిల్లల మధ్య నుంచి ఓపికగా దారి చేసుకుంటుంది. పెద్దాసుపత్రి గోడ కనపడగానే మాత్రం కొంగు మొహం మీదికి లాక్కుంటుంది. తిన్నని రోడ్డు వదిలేసి, వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి తన ఆఫీసు చేరుతుంది. ఆ చుట్టుదారి పావుగంట ఎక్కువ. ఎండైనా అంతే, ముసురైనా అంతే. ఈ నగరంలో ఒకరి నడకను మరొకరు పట్టించుకోరు. పాఠకులారా, మనం ఆ రోడ్డున పోతున్నా పట్టించుకునేవాళ్లం కాదు.

ఆమె పేరు పోశవ్వ. ఆసుపత్రి దాటాక ఒక మేడ మూడో అంతస్తులో ఉన్న చిన్న సంస్థలో ఊడ్చి, తుడిచి, టీ పెడుతుంది. వాన రాక పంట ఎండిపోతే పేద రైతుకు కొంత పరిహారం అందేలా చిన్న బీమా కట్టించడం ఆ సంస్థ పని. ఇక్కడ కొన్ని జిల్లాల్లో చేసిన పనిని ఇప్పుడు ఇంకో దేశానికి తీసుకెళ్లాలని వారి ఆలోచన. ఏ దేశానికి అన్నది తేల్చే బాధ్యత ఛాయాదేవి మీద పడింది.

ఛాయాదేవిది తెనాలి వైపు. ఉద్యోగానికని వచ్చి పాతికేళ్లుగా మధురానగర్‌లో ఉంటోంది. ఆమె బల్ల ఎదురుగా గోడకు పెద్ద ప్రపంచ పటం. నేపాల్, లావోస్, జాంబియా, టాంజానియా, మలావి. ఒక్కో దేశానికి ఇరవై ఏడు ప్రశ్నలు. జవాబు బాగుంటే ఆకుపచ్చ గుండుసూది, బాగాలేకపోతే ఎర్రది. మధ్యాహ్నాలు ఫ్యాను గాలికి ఆ పటం మెల్లగా ఊగుతుంటే, చూడని ఆ దేశాలన్నీ నీళ్లలో తేలుతున్నట్టు ఉండేది ఆమెకు. ఆఫ్రికాలోని మలావి మీద ఆకుపచ్చ సూదులు మొక్కజొన్న మొలకల్లా గుబురుగా లేచాయి. దాదాపు ఖాయమైనట్టే.

పోశవ్వ చుట్టుదారిని ఆమె ఒకరోజు మెట్రో కిటికీలోంచి చూసింది. పైనుంచి చూస్తే మనుషులు చిన్నగా, నెమ్మదిగా, కలలో నడుస్తున్నట్టు కనిపిస్తారు. అంతమందిలో ఒక కొంగు హఠాత్తుగా పైకి లేచి సందులోకి మాయమైంది. ఏంటో అనుకుంది. రైలు ఎర్రమంజిల్‌లో ఆగింది, ఆ ఆలోచన అక్కడే దిగిపోయింది.

జులైలో ఒక మధ్యాహ్నం కాగితాలు బైండింగు చేయించడానికి అమీర్‌పేట వెళ్లి, తిరిగొచ్చేసరికి ఛాయాదేవి నిలువునా తడిసిపోయింది. పోశవ్వ ఏమీ అడగకుండా పొడి తువ్వాలు తెచ్చి భుజాల మీద కప్పింది. అల్లం టీ చేతికిచ్చాక అప్పుడు అడిగింది.

"యాడ తడిసిండ్రు మేడం? గీడ చుక్క సుత పడలే. మేడ మీద బట్టలు పెళపెళ ఎండినయ్."

"అక్కడ రోడ్లు చెరువులయ్యాయి పోశవ్వా. కొంచెం ముందుకొస్తే ఎండ. ఏంటో ఈ వాన."

పోశవ్వ తుడిచిన గ్లాసునే మళ్లీ తుడిచింది.

"గిసొంటి వానే నన్ను గీడికి తెచ్చింది మేడం."

ఆమెది సిద్దిపేట దిక్కు ఒక పల్లె. అక్కడ మహిళా సంఘానికి ఆమే పెద్ద. మూడేళ్ల క్రితం ఒక కంపెనీ వాళ్లు వాన బీమా తెచ్చి, ముందు ఆమెకు చెప్పారు. ఆమె ఇల్లిల్లూ తిరిగి నలభై కుటుంబాలను చేర్పించింది. పోశవ్వ చెప్తే కాదంటమా అన్నారంతా. పరిహారం ఇవ్వాలో వద్దో తేల్చేందుకు వాన కొలిచే పరికరం పధ్నాలుగు కిలోమీటర్ల దూరాన, మండల ఆఫీసు కప్పు మీద ఉంది. ఆ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. ఆ ఏడు మండల కేంద్రంలో వాన దంచింది. వీళ్ల ఊరి మీద మబ్బు వచ్చి, చూసి, వెళ్లిపోయింది. కంకి పాలు పోసుకునే వేళకు మొక్కజొన్న నిలువునా ఎండింది. 'మీ ప్రాంతంలో తగినంత వర్షం నమోదైంది' అని అందరి ఫోన్లకు ఒక మెసేజ్ వచ్చింది. మనిషి మాత్రం ఎవరూ రాలేదు.

"తిట్టిండ్రా నిన్ను?" తనకు తెలియకుండానే ఆమె యాసలోకి జారి అడిగింది ఛాయాదేవి.

"తిడితే మంచిగుండు. మాట బంద్ చేసిండ్రు. బోరింగు కాడికి పోతే పక్కకు జరిగి తోవ ఇచ్చేటోళ్లు, దొరసానికి ఇచ్చినట్టు. గదే పానం తీసింది మేడం."

పెద్ద జబ్బు చేస్తే ఆ ఊరివాళ్లు వచ్చేది ఈ ఆసుపత్రికే. చుట్టుదారి అందుకు. నాలుగు రోజుల కిందట సందు మలుపు నుంచి చూస్తే కనకయ్య కనిపించాడు. వరసకు బావ. నలభై మందిలో అందరికన్నా ముందు వేలిముద్ర వేసినవాడు. భార్యను లోపల చేర్పించి ఫుట్‌పాత్ మీద ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. తిన్నాడో లేదో. మూడు రోజులుగా ఆయనకని అన్నం వండి తెస్తోంది పోశవ్వ. మూడు రోజులుగా సందు మలుపు దాకా వెళ్లి వెనక్కి వస్తోంది.

"ఎదురుంగ పోయినంక మొకం తిప్పుకుంటే? గది సూసే తాకత్ నాకు లేదు."

ఆమె గ్లాసులు తీసుకుని వెళ్లిపోయింది. ఛాయాదేవి పటం వైపు తిరిగింది. పక్కన అంటించిన ప్రశ్నల జాబితాలో పందొమ్మిదోది కంటబడింది: 'గ్రామాల్లో అందరూ నమ్మే మహిళలు ఉన్నారా? వారి ద్వారా రైతులను త్వరగా చేర్పించవచ్చా?' మలావికి ఎదురుగా జవాబు: చాలామంది ఉన్నారు. ఆకుపచ్చ సూది. గుచ్చింది తన చెయ్యే.

తడి బట్టల చల్లదనానికో, టీ వెచ్చదనానికో, కళ్లు బరువెక్కాయి. పటంలోని మలావి మెల్లగా విశాలమైంది. ఎర్రమట్టి దారి, రెండు వైపులా మొక్కజొన్న. ఆ దారిలో ఎవరో ఒకామె దూరంగా నడిచి వస్తోంది. బోరింగు లాంటిదేదో కనపడగానే ఆమె తల మీది గుడ్డ మొహం మీదికి లాక్కుని చేల మధ్యకు తప్పుకుంది. ఛాయాదేవి పిలవబోయింది. పేరు తెలియదు. ఇరవై ఏడు ప్రశ్నల్లో ఎక్కడా ఆ పేరు అడిగి ఉండలేదు.

"మేడం, నిద్రపోతున్నారా?" ఎదురుగా తేజ. ఆఫీసులో లెక్కలు చూసే కుర్రవాడు. "రేపు మన పెద్దాయన రాఘవయ్య గారి ముందు మలావి పెట్టేద్దాం కదా? స్లైడ్లు అయిపోయాయి."

"అక్కడ వాన కొలిచే కేంద్రం ఊళ్లకి ఎంత దూరం తేజా?"

"మనం అనుకుంటున్న ఊళ్లకైతే సగటున ఇరవై రెండు కిలోమీటర్లు. శాటిలైట్ కొలతలు కూడా ఉన్నాయి లెండి."

"పంట ఎండినా పరిహారం రాదనుకో. ఆ మాట రైతుకి ఎవరు చెబుతారు?"

"ఎస్సెమ్మెస్ వెళ్తుంది మేడం. ఆటోమేటిక్."

సాయంత్రం నాలుగున్నరకు ఆమె వంటగది గుమ్మంలో నిలబడింది. "ఆ అన్నం డబ్బా తీసుకో. నేనూ వస్తాను."

"మీరెందుకు మేడం? గా కంపెనీ మీది కాదు గద."

"కాదు. మేం చేసే పనీ అలాంటిదే. రావలసినవాళ్లు రాలేదు, నేను వస్తాను."

కనకయ్య ఆసుపత్రి గోడకు ఆనుకుని కాగితం పరుచుకుని కూర్చున్నాడు. పోశవ్వను చూశాడు. మొహం తిప్పుకోలేదు, పలకరించనూ లేదు. "బావా" అని మాత్రం అని, ఆమె అన్నం డబ్బాను రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఛాయాదేవి చీర కుచ్చెళ్లు సర్దుకుని ఆయన పక్కనే ఫుట్‌పాత్ మీద కూర్చుంది. మండల ఆఫీసు కప్పు గురించి, అక్కడ పడిన వాన గురించి, పోశవ్వకు కూడా చెప్పకుండా దాటేసిన విషయం గురించి నెమ్మదిగా చెప్పింది. పక్కనుంచి మనుషులు పోతూనే ఉన్నారు. ఎవరో వాళ్ల కాళ్లు తొక్కకుండా పక్కకు తప్పుకుని వెళ్లారు.

అంతా విని కనకయ్య అడిగాడు. "గీ ముక్క చెప్పనీకి గిన్నేండ్లు పట్టిందా అమ్మా మీకు?"

ఛాయాదేవి పోశవ్వ చేతిలోని డబ్బా అందుకుని ఆయన ముందు పెట్టింది.

"వాన రాకుంటే మొగులును తిట్టుకున్నం. బీమా రాకుంటే ఎవల్ని తిట్టుకోవాలె? కంపెనీ కనబడలే. గా వాన కొలిచే డబ్బా కనబడలే. మా ఎదుట ఉన్నది పోశవ్వ ఒక్కతే. గందుకే అంతా ఆమె మీద పడ్డది. తప్పే. ఆమె ఊరిడిసినంక మాకే సమజైంది, గని తిరిగి పలకరించనీకి మాకు సుత మొకం చెల్లలే."

ఆయన డబ్బా మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఉప్పు ఎక్కువనే ఏసినవ్, ఎప్పటోలెనే. లోపల మీ అక్క ఉన్నది. పోయి కనబడిరా, లేకుంటే నన్ను బతకనియ్యది."

పోశవ్వ నవ్వబోయి ఏడ్చింది. తర్వాత ఆసుపత్రి పెద్ద గేటులోంచి, తలెత్తి, లోపలికి నడిచింది.

మర్నాడు రాఘవయ్య గారి ముందు ఛాయాదేవి స్లైడ్లు పెట్టలేదు. డెబ్బై ఏళ్ల ఆ పెద్దాయన సంస్థను స్థాపించినవాడు. ఆమె పటం దగ్గరికి వెళ్లి పందొమ్మిదో ప్రశ్న తాలూకు ఆకుపచ్చ సూదిని తీసి ఆయన చేతిలో పెట్టింది. జరిగింది చెప్పింది. "మలావి వద్దనను సార్. నిన్న సాయంత్రం అడిగితే పోశవ్వ కూడా వద్దనలేదు. నడిచి వెళ్లి చూసుకునేంత దగ్గర్లో వాన కొలిచే ఏర్పాటు ఉండాలంది. పరిహారం ఎప్పుడు రాదో ముందే చెప్పాలంది. రాని రోజున కాగితాలు రాయించుకున్నవాళ్లే వచ్చి రైతుల ముందు కూర్చోవాలంది."

"అలాగైతే ఏడాది ఆలస్యమవుతుంది సార్," అన్నాడు తేజ, తప్పు చేసినవాడిలా.

రాఘవయ్య గారు సూదిని వేళ్ల మధ్య తిప్పుతూ పటం వైపు చూశారు. కిటికీ అవతల మెట్రో రైలు తెల్లగా, చప్పుడు వినపడనంత దూరంలో సాగిపోయింది.

"ఆగుదాం," అన్నారు చివరికి. "మనం ఆ ఊళ్లకి బీమా మోసుకెళ్తున్నామనుకుంటున్నాం తేజా. మనల్ని ఊళ్లోకి మోసుకెళ్లేది అక్కడి పోశవ్వ. ఒక పంట పోతే మరుసటి ఏడు ఇంకోటి వేసుకుంటారు. ఊళ్లో మాట పోతే దానికి విత్తనం ఎక్కడా దొరకదు. పేదవాడికి అండగా ఉంటామని బయలుదేరినవాళ్లం, ఆ అండ అందని రోజున వాళ్ల ఎదుట నిలబడవలసింది కూడా మనమే."