రెండు సీసాలు, రెండు పేర్లు

2009లో దమ్మపేట దగ్గరి తండాలో డాక్టర్ ఖాలిద్ ప్రోస్టేట్ క్యాన్సర్ పరీక్షల శిబిరం పెట్టాడు. యాభై దాటిన మగవాళ్లను ఒప్పించే బరువును రిటైర్డ్ హెడ్మాస్టర్ హీరాలాల్ తనంతట తానే నెత్తికెత్తుకున్నాడు. ఉపన్యాసమంటే ఆయన చెవి కోసుకుంటాడు.

"మూత్రంల గుర్తు దొరికితే రోగం ముదరకముందే పట్టుకోవచ్చు. సిగ్గెందుకురా?" అని ఇల్లిల్లూ తిరిగాడు.

తీరా తన వంతు వచ్చేసరికి, తడిక చాటున పావుగంట నిలబడ్డా చుక్క రాలలేదు. బయట వరుసలో నవ్వులు మొదలయ్యాయి. పక్కనే ఉన్న బామ్మర్ది బద్యాకు జాలేసింది.

"ఇటియ్యి బావా. నాకు మస్తుగ వస్తున్నది. సీసా నిండాలె గని, ఎవలిదైతేంది?"

పరువు దక్కింది. రెండు సీసాల మీద రెండు పేర్లు పడ్డాయి.

పదిహేను రోజులకు కబురొచ్చింది. తండా మొత్తంలో క్యాన్సర్ ఉండొచ్చని తేలింది ఇద్దరికే: హీరాలాల్‌కూ, బద్యాకూ. స్కానింగ్‌కు ఖమ్మం రమ్మన్నారు. బస్సులో దారి పొడవునా బద్యాయే బావను ఓదార్చాడు.

ముందు హీరాలాల్‌కు తీశారు.

"మీది సాఫ్‌గ ఉంది సార్. వయసుకు కొంచెం వాపు, అంతే," అన్నాడు ఖాలిద్. "రెండు సీసాలకూ అచ్చం ఒకే లెక్క వచ్చింది. ల్యాబోళ్లే తప్పు చేసిండ్రు. బద్యాకు స్కానింగ్ ఎందుకు? ఆరు నెలలకు మళ్లా చూద్దాం."

రెండు సీసాలూ తనవేనన్న సంగతి తట్టనే లేదు, బద్యా ముఖం వెలిగిపోయింది. బిర్యానీ తిందాం పదమని బావ చెయ్యి పట్టి లాగాడు.

రెండు లెక్కలూ ఎందుకు ఒకటయ్యాయో హీరాలాల్‌కు అర్థమైంది. చెబితే తండాలో తలెత్తుకోలేడు. చెప్పకపోతే ఆరు నెలల్లో రోగం ఎంత ముదురుతుందో ఆయనకు తెలుసు. అయినా బద్యా వెంట గుమ్మం దాకా నడిచాడు. అక్కడ కాళ్లు ఆగిపోయాయి.

"డాక్టర్ సాబ్, ల్యాబోళ్ల తప్పు గాదు. నా సీసాల నాది లేదు. రెండూ వీనియే."

నర్సు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఖాలిద్ నవ్వలేదు. బద్యాను బల్ల మీద పడుకోబెట్టి చూస్తే చిన్న గడ్డ కనిపించింది. ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే, ఇంకా బయటికి పాకలేదు.

ఆపరేషన్ అయి కోలుకున్నాక, ఇల్లిల్లూ తిరగడం బద్యా వంతయింది. "మా బావ పరువు సుత చూసుకోలే. నా పానం నిలబెట్టిండు," అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. తండా దండ తెచ్చి హీరాలాల్ మెడలో వేసింది. జీవితంలో మొదటిసారి ఆయన ఉపన్యాసం ఇవ్వలేకపోయాడు. నోరు మెదపకుండా గుమ్మం దాకా నడిచిన ఆ పది అడుగులు ఆయనకు తప్ప ఎవరికీ తెలియవు.