తరుగు

“నువ్వు లేకపోతే ఇంటికి కళే లేదు. సాయంత్రం కారు పంపిస్తాను, వచ్చెయ్,” అని మా ఆయన ఫోనులో అన్నప్పుడు నేను పుట్టింట్లో వదిన కోసం ఐసు నలగ్గొడుతున్నాను. వదిన సైన్సు టీచరు. రేపటి పాఠం తోకచుక్క. ఐసులో మట్టి, బొగ్గుపొడి కలిపి ఉండ చేసింది. గదిలో హీటరే సూర్యుడట.

ఉల్లిపాయల టోకు వ్యాపారం చేసిన చెయ్యి ఊరుకోదు. ఉండను వంటింటి త్రాసులో తూచాను. కాసేపు హీటరు ముందు ఉంచి, తెచ్చి మళ్లీ తూచాను. తగ్గింది.

“పోయిన బరువు సూర్యుడికి దూరంగా వెళ్లాక మళ్లీ వస్తుందా వదినా?”

“ఎక్కడినుంచి వస్తుందమ్మా? దూరంగా ఉన్నంతసేపూ తరగదు, అంతే. దగ్గరికొస్తే మళ్లీ కొంత ఆవిరవుతుంది. ఆ పోయేదే తోక. జనం చూసి మురిసిపోయేది దాన్నే.”

మా వ్యాపారంలో దీన్ని తరుగు అంటాం. నిలవున్న ఉల్లి ఆరి బరువు తగ్గుతుంది. ఎవరి గోదాములో ఉంటే తరుగు వాళ్ల నెత్తినే. బజారులో దీనికి ఎవరూ పేచీ పెట్టరు. నేను మాత్రం ఆయన గోదాములో ఉంటూ నా తరుగు నేనే భరించాను. మొదటిసారి పుట్టింటికొచ్చి తిరిగి వెళ్లినప్పుడు గల్లాపెట్టె దగ్గర నా కుర్చీ పోయింది. “నువ్వు అక్కడ కూర్చుంటే నన్ను చేతకానివాడనుకుంటారు,” అన్నారాయన. వెనక గదిలో కుళ్లినవి ఏరే పని మిగిలింది. రెండోసారి వెళ్లాక స్నేహితురాళ్ల రాకపోకలు పోయాయి. ఆ తర్వాత నవ్వు. “బేరానికొచ్చిన వాళ్ల ముందు ఆ ఇకిలింపేమిటి,” అన్నారు అత్తయ్య. చుట్టాలొస్తే ఆవిడే, పొయ్యి ముందు ఉడుకుతున్న నన్ను చూపించి, “మా కోడలు ఎలా వెలిగిపోతోందో చూడండి,” అనేవారు.

ఈసారి షరతేమిటని ఇందాక ఫోనులోనే అడిగాను. ఏ బేరంలోనైనా చివరి మాట ముందే తెలుసుకోవాలి.

“షరతేముంది? ఇక కొట్టుకే రానక్కర్లేదు. ఇంటిపట్టున హాయిగా ఉండు. లారీ వచ్చిన రోజు మాత్రం బస్తాలు చూసిపెట్టు. నీ చెయ్యి పడితే కుళ్లు దాగదు కదా.”

అన్నయ్య గుమ్మంలో నిలబడి విన్నాడు. “ఏమంటాడు బావ?”

“రమ్మంటున్నారు.”

“మంచిదే కదమ్మా,” అన్నాడు వెంటనే, హాల్లో మడిచిపెట్టిన నా పక్కబట్టల వైపు చూస్తూ. ఆ ఇంట్లో పడకగది ఒకటే. సరుకు ఎంత మంచిదైనా, చోటు లేని గోదాములో దించుకోరు.

ఉండ పక్కన నీటి మడుగు తుడుస్తూ వదినను అడిగాను. “ఐసంతా అయిపోతే?”

“మట్టిగడ్డ మిగులుతుంది. అదే దారిలో తిరుగుతూనే ఉంటుంది. తోక ఉండదు కాబట్టి ఎవరి కంటా పడదు.”

సాయంత్రం కారు వచ్చింది. ఎక్కాను.

లారీ వచ్చిన రోజు ఆయన నన్ను బస్తాల వరస ముందు నిలబెట్టి, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి బస్తా మీద చెయ్యి వేసి నొక్కాను. గోనె లోపల, అడుగున, మెత్తగా తడిగా కుళ్లు తగిలింది.

“బాగుందా? గోదాములో పెట్టించనా?”

“బాగుందండి,” అని తర్వాతి బస్తా దగ్గరికి నడిచాను.