నాలుగో బల్ల

దారానికి ఇనప గుండు కట్టి, ముడి లాగి చూసుకుని, నాలుగో బల్ల దగ్గరికి వచ్చేసరికి అటెండర్ ఎప్పటిలాగే చూపు తిప్పుకున్నాడు. ఫిజిక్స్ ల్యాబులో లోలకాలకి ఐదు బల్లలు, బల్లకో మీటరు స్కేలు. కొయ్య స్కేళ్లు, కొసలకి ఇత్తడి తొడుగులు. అన్నిటినీ తుడిచాడు. నాలుగోదాన్ని తుడిచీ తుడవనట్టు వదిలేశాడు.

ఉద్యోగంలో చేరిన నెలలోనే అది చేతిలోంచి జారి కొస విరిగింది. చెబితే తీసేస్తారని హడలిపోయి, విరిగినచోట నున్నగా చేసి తొడుగు మళ్లీ బిగించేశాడు. సున్నా వైపు రెండు సెంటీమీటర్లు పోయాయి; దాంతో కొలిస్తే దారం ఉన్నదానికన్నా అంత పొడుగు చూపిస్తుంది. ఎవరూ కనిపెట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ ఒక్క బల్ల దగ్గర భూమి కాస్త గట్టిగా లాగుతోంది. గురుత్వ త్వరణం లెక్కకడితే తొమ్మిది పాయింట్ ఎనిమిది రావలసింది, పది వస్తుంది.

పిల్లలు బిక్కమొహం వేస్తే దగ్గరికెళ్లి సరైన అంకె చెవిలో ఊదేవాడు. 'తొమ్మిదెనిమిది బాబాయ్' అని ముద్దుపేరు పెట్టారు. ఆ పిలుపు వింటే తల కొట్టేసినట్టుండేది.

ఒక ఏడు ఆ బల్ల సొంత కూతురికే వచ్చింది. ఆమెకీ పదే వచ్చింది.

"నా చెయ్యే తిన్నగా లేదా నాన్నా?" అంది.

"అవునమ్మా. తొమ్మిదెనిమిది రాసెయ్" అన్నాడు.

మరుసటి ఏడు ఆమె సైన్సు మానేసింది. కారణం అతను అడగలేదు. అడిగే మొహం లేదు.

ఈ రోజుతో ఉద్యోగం అయిపోతుంది. నాలుగో బల్ల దగ్గర జడ ముందుకేసుకున్న ఒక అమ్మాయి మూడుసార్లు చేసింది. మూడుసార్లూ పదే.

"తొమ్మిదెనిమిది రాసెయ్యమ్మా" అన్నాడు, అలవాటుగా.

"రానిదాన్ని ఎలా రాయను బాబాయ్?"

ఫిజిక్స్ మేడమ్ వచ్చి రికార్డులో ఎర్రగీత కొట్టింది. "శ్రద్ధ లేకపోతే ఇంతే. రేపు మళ్లీ చెయ్యి." అమ్మాయి తలవంచుకుంది. అతనూ వంచుకున్నాడు.

సాయంత్రం టీ, బిస్కెట్లు, నాలుగు మంచి మాటలు. "ఇన్నేళ్లలో ఒక్క పరికరం పగలగొట్టని మనిషి" అంది మేడమ్. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పడానికి నోరు తెరిచాడు. పెదాలు వణికాయి. సంతోషం పట్టలేకపోతున్నాడనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది అతనికి.

తాళాలు అప్పజెప్పే ముందు ల్యాబులోకి ఒక్కడే వెళ్లాడు. స్కేలు తొడుగు ఊడదీశాడు. అమ్మాయి రికార్డు పక్కన చీటీ పెట్టాడు: 'మేడమ్, ఇది నేను విరగ్గొట్టాను. అమ్మాయి చెయ్యి తిన్నగానే ఉంది.' ఇక ఇంటికెళ్లి కూతురికి ఫోన్ చెయ్యాలి. అది దీనికన్నా కష్టం.

తలుపు వేసి తాళాలు ఆఫీసులో ఇచ్చి వెళ్లిపోయాడు. నాలుగో బల్ల మీద, స్కేలు కొసకి ఆనించి, ఇన్నాళ్లూ అతని పెట్టె అడుగున దాగిన రెండు సెంటీమీటర్ల కొయ్యముక్క ఉంది. దాని మీద ఒకటి అంకె ఇంకా నల్లగానే ఉంది.