బ్రేకు నాది, ఆర్డరు మీది

ఆస్పత్రిలో సుమిత్ర కనుబొమ మీద కుట్లు వేసి, ఆడవాళ్ల వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. యూనిఫారమంతా రక్తం కావడంతో దాన్ని విప్పించి ఆస్పత్రి గౌను తొడిగారు. అందుకే పక్క మంచం మీది పెద్దావిడకు ఆమె ఫైర్ స్టేషన్ ఆఫీసరని తెలియలేదు.

"నువ్వూ ఆ రైల్లోదానివేనా అమ్మాయ్?" అని పలకరించిందావిడ. పేరు కామేశ్వరమ్మ. రాజమండ్రి వైపు నుంచి భర్తతో వచ్చి, ఆయన పోయాక కూడా కాప్రాలోనే ఉండిపోయింది. కుడిచేతికి మోచేయి దాకా పిండికట్టు వేశారు. "సికింద్రాబాద్‌లో ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడేలోగా ఒక్క కుదుపు! ఎదుటి సీటు మీద పడ్డాను. మణికట్టు రెండు ముక్కలైందట. ఆ గేటువాడికి కళ్లు లేవూ? గేటు వెయ్యకుండా ఏం చేస్తున్నాడు? టీవీలో పొద్దుట్నించీ అదే చెబుతున్నారు."

గేటు విషయం టీవీవాళ్ల కన్నా సుమిత్రకే బాగా తెలుసు.

ఆ ఉదయం కాప్రా అవతల ఒక ప్లాస్టిక్ గోదాము అంటుకుందని ఫోను వచ్చింది. బండి తీసింది పర్వతాలు. ముప్పై ఏళ్లుగా ఫైరింజన్ నడుపుతున్న మనిషి. పక్క సీట్లో సుమిత్ర, వెనక నలుగురు సిబ్బంది. దారిలో రాళ్లగుట్ట గేటు. అక్కడ గేటుకూ సిగ్నలుకూ లంకె లేదు. స్టేషన్ నుంచి ఫోను రాగానే గేట్‌మ్యాన్ చేత్తో చక్రం తిప్పి గేటు దించాలి. గేట్‌మ్యాన్ షాలేమ్ దించుతూనే ఉన్నాడు. బండి ఆగకపోవడం చూసి ఎర్రజెండా ఊపాడు. పర్వతాలు కాలు బ్రేకు మీదకు పోయింది.

"ఆగకు. పోనియ్," అంది సుమిత్ర.

పర్వతాలు పోనిచ్చాడు. మొదటి గేటు కిందుగా దూరారు గాని, పట్టాలు దాటేచోట రెండో గేటు కొయ్యకు బండి పైనున్న నిచ్చెన తట్టుకుంది. బండి ఒక్క క్షణం నిలిచిపోయింది. ప్యాసింజరు రైలు డ్రైవరు దూరం నుంచే చూసి బ్రేకులు వేశాడు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఎవరూ మిగిలేవారు కాదు. వేగం చచ్చిన ఇంజను వచ్చి ఫైరింజన్ వెనకభాగాన్ని గుద్దింది. బండి గిర్రున తిరిగి కాలువలో పడింది. పర్వతాలు భుజం ఎముక విరిగింది. సిబ్బందికి దెబ్బలు తగిలాయి. రైల్లో కొందరు పడిపోయారు. ప్రాణాలైతే ఎవరివీ పోలేదు.

"గేటు వేస్తనే ఉండె అమ్మా," అంది సుమిత్ర. "ఎర్రజెండా సుత ఊపిండు. ఆ ఫైరింజన్ల ఆఫీసర్‌ని నేనే. ఆగకు, పోనియ్ అని చెప్పింది నేనే."

కామేశ్వరమ్మ ఆమె వైపు అలాగే చూసింది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని పడుకుంది. మధ్యాహ్నం భోజనం వచ్చినా తిరగలేదు. సాయంత్రం టీ తాగుతూ తనంతట తానే అడిగింది.

"ఎందుకు పోనిమ్మన్నావు? ఆ మంటల్లో మనుషులున్నారా?"

"లేరమ్మా. ఇంకో బండి అప్పటికే అక్కడికి చేరింది. వైర్‌లెస్‌ల విన్న."

"మరి?"

సుమిత్ర పొద్దున్నుంచీ తనను తాను అడుగుతున్నదీ అదే. "సైరన్ కొడితే అందరూ జరుగుతరమ్మా. బస్సులు, లారీలు, పెద్ద పెద్దోళ్ల కార్లు సుత జరుగుతయి. రోజూ అదే చూసి చూసి, ఆగుడు అలవాటు తప్పింది. గంతే. ఇంక వేరే కారణం లేదు."

కామేశ్వరమ్మ టీ గ్లాసు ఎడమచేత్తో జాగ్రత్తగా కింద పెట్టింది. "పొద్దుట్నించీ ఎంతమంది పెద్దమనుషులు వచ్చారో! అందరూ యాపిల్ పళ్లు చేతిలో పెట్టి ఫోటో దిగి వెళ్లారు. నా చెయ్యి ఎందుకు విరిగిందో చెప్పిన మనిషివి నువ్వొక్కతివే." ఆగి, మళ్లీ అంది. "అలాగని కోపం పోయిందనుకునేవు! ఇవి ఆవకాయ రోజులు. నా పచ్చళ్ల కోసం కాలనీ అంతా కాచుక్కూర్చుంటుంది. కాయ ఎవరు కొడతారు, నువ్వా?"

"కొడత," అంది సుమిత్ర.

మర్నాడు ఆమె పై అధికారి రామభద్రరావు వచ్చాడు. మంచివాడే. సిబ్బంది ఇళ్లల్లో శుభకార్యాలకు తప్పకుండా వెళ్లే మనిషి. స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"భయపడకండి సుమిత్ర గారూ. పర్వతాలు ఒప్పేసుకున్నాడు. తానే తొందరపడి పోనిచ్చానన్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు కదా, ఏదో మందలింపుతో పోతుంది. మీ ప్రమోషన్ ఫైలు కదులుతోంది. ఎంక్వైరీలో మీరు ఎక్కువ మాట్లాడకండి, చాలు."

"గేట్‌మ్యాన్ సంగతేంది సార్?"

"సస్పెండ్ చేశారట. అది రైల్వేవాళ్లు చూసుకుంటారు. మనకెందుకు?"

డిశ్చార్జి కాగానే సుమిత్ర ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి చిలకలగూడలో పర్వతాలు ఇంటికి పోయింది. అతను వరండాలో భుజానికి పట్టీతో, ఎడమచేత్తో మనవరాలికి ఇడ్లీ తినిపిస్తున్నాడు. ఆమెను చూసి లేవబోయాడు.

"కూసో పర్వతాలన్నా. ఎవరు చెప్పమన్నరు నిన్ను, తప్పంతా నాదే అని?"

"ఎవ్వరు చెప్పలే మేడమ్. మీకు మస్తు సర్వీసుంది ముంగట. నాదేముంది, అయిపోవచ్చింది."

"నేనే చెప్పిన గద పోనియ్యమని! పొయ్యి అదే చెప్త. తప్పంతా నాది, నీది ఏం లేదని చెప్త."

ఆమె అలా అంటే పర్వతాలు సంతోషిస్తాడనుకుంది. కాని అతనికి కోపం వచ్చింది.

"గట్లెట్ల చెప్తరు? ఏం లేదంటే నేనేంది, బండిల సామానా? ముప్పై ఏండ్లు నడిపిన. ఎర్రజెండా నాకు సుత కనబడ్డది. కాలు బ్రేకు మీదనే ఉండె. తొక్కితే మీరేం జేద్దురు, తిడుదురు. ఒక తిట్టు పడేదానికి భయపడి రైలు ముంగటికి తీస్కపోయిన. ఆర్డరు మీది, బ్రేకు నాది. ఎవరిది వాళ్లు చెప్పుదాం మేడమ్."

సుమిత్రకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మనవరాలు తన ఇడ్లీ ఆగిపోయిందని అరిచింది. పర్వతాలు భార్య చాయ్ తెచ్చి, "ఇద్దరు అరుసుకునుడు అయిపోయిందా?" అంది.

ఎంక్వైరీకి ఇంకా వ్యవధి ఉంది. సెలవులో ఉన్న సుమిత్ర కాప్రా వెళ్లింది. కామేశ్వరమ్మ పెరట్లో మామిడికాయల గుట్ట పోసి ఉంది. కత్తిపీట ముందు సుమిత్ర కూర్చుంటే, ఆవిడ కుర్చీలో ఉండి ఎడమచేత్తో పెత్తనం చేసింది. "టెంక చీలాలి తల్లీ, నలగ్గొట్టకు. అదీ! అబ్బే, ఆ ముక్క నువ్వే తినెయ్, ఆవకాయకు పనికిరాదు." తల్లి బతికున్నప్పుడు కూడా సుమిత్రను వంట పనిలో ఇంతగా ఎవరూ తిట్టలేదు. సాయంత్రానికి వేళ్లు మంటలెత్తాయి. కొన్ని రోజుల తరవాత ఆ రాత్రి కలత లేకుండా నిద్రపోయింది.

ఎంక్వైరీ రోజున రైల్వే ఆఫీసు వరండాలో షాలేమ్ ఒక మూల నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. సుమిత్రనూ పర్వతాలునూ చూసి తల తిప్పుకున్నాడు. లోపల రెండు శాఖల అధికారులు కూర్చున్నారు. రామభద్రరావు కూడా ఉన్నాడు.

ముందు సుమిత్ర చెప్పింది. ఎర్రజెండా చూశానని, గేటు దిగుతోందని తెలుసునని, ఇంకో బండి చేరిన కబురు విన్నానని, అయినా పోనిమ్మన్నానని. "గేట్‌మ్యాన్ చేయవలసింది చేసిండు సార్. ఆయన తప్పు ఇందుల లేదు."

పర్వతాలు చెప్పాడు. "మేడమ్ చెప్పింది నిజం. కాని ఆపే పని నాది. ఆపలే."

అధికారుల్లో ఒకాయన కళ్లజోడు తీసి, "ఇద్దరూ ఒప్పుకుంటే నేను రాసేదేముంది?" అన్నాడు. గదిలో ఎవరో నవ్వారు. రామభద్రరావు మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

బయటికి వచ్చాక సుమిత్ర షాలేమ్ దగ్గరికి వెళ్లింది. "క్షమించమని అడిగే మొహం లేదు. లోపల ఉన్నది ఉన్నట్టు చెప్పినం."

"తలుపు కాడ నిలబడి ఇన్న," అన్నాడు షాలేమ్. "మొదటి దినమే చెప్పుంటే బాగుండు మేడమ్. టీవీల నా ఫోటో చూసి మా అమ్మ చర్చికి పోవుడు బందు పెట్టింది. ఏ మొహంతోని పోవాలె అంటది."

"మీ అమ్మకు నేనొచ్చి చెప్త."

అతను నమ్మినట్టు లేదు. ఆదివారం పొద్దున సుమిత్ర నిజంగానే మెట్టుగూడలో వాళ్లింటికి పోయింది. ముసలామె చెప్పిందంతా విని, గోడకున్న గొడుగు తీసుకుని, "నాకు కాదు, ఆడ చెప్పు" అని చర్చికి బయల్దేరదీసింది. ప్రార్థన అయ్యాక గేటు దగ్గర నలుగురి ముందు సుమిత్ర మళ్లీ మొదటినుంచి చెప్పింది. ముసలామె పక్కనే నిలబడి, ప్రతి మాటకూ "ఇన్నరా?" అని అందరి మొహాలూ చూసింది. షాలేమ్ సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత ముసలామె ఇంట్లో అన్నం పెట్టి గాని సుమిత్రను పంపలేదు.

కొన్నాళ్లకు ఉత్తర్వులు వచ్చాయి. షాలేమ్ మళ్లీ డ్యూటీకెక్కాడు. పర్వతాలుకు హెచ్చరిక ఇచ్చి, భుజం బాగయ్యాక పరీక్ష పెట్టి మళ్లీ బండి ఇస్తామన్నారు. సుమిత్ర ప్రమోషన్ వెనక్కి పోయింది. స్టేషన్ బాధ్యత తీసేసి, కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చే కేంద్రానికి పంపారు. రామభద్రరావు ఫోన్ చేశాడు. "బాధపడుతున్నారా?"

"లేదు సార్. అనుకున్నకంటె శిక్ష తక్కువనే పడ్డది."

"మీ స్థానంలో ఉంటే నేను చెప్పేవాణ్ణో లేదో నాకు తెలీదమ్మా," అని ఫోన్ పెట్టేశాడు. అప్పటిదాకా ఎప్పుడూ ఆయన ఆమెను అమ్మా అనలేదు.

శిక్షణ కేంద్రంలో సుమిత్ర ఒక కొత్త పాఠం మొదలుపెట్టింది. దానికి పర్వతాలును పిలిపించింది. అతను మైదానంలో కుర్రాళ్లను, అమ్మాయిలను వరసగా నిలబెట్టి అడిగాడు. "ఆఫీసర్ పోనియ్ అన్నరు. ముంగట ఎర్రజెండా ఉన్నది. ఏం జేస్తరు?"

"పోనిస్తం సార్!" అన్నారు అందరూ ఒకే గొంతుతో.

"చచ్చిండ్రు పో. ముందుగాల బ్రేకు తొక్కుండ్రి. కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి."

అందరూ నవ్వారు. ఆ తర్వాత ఒక్కొక్కరినీ బండి ఎక్కించారు. పక్క సీట్లో సుమిత్ర. జెండా ఊపేది పర్వతాలు. జెండా లేవగానే ఆమె గొంతు చించుకుని అరవాలి, "పోనియ్! ఆగకు, పోనియ్!" అని. నడిపేవాళ్లు ఆపాలి. మొదట ఎక్కినవాళ్లు ఆమె అరుపుకు బెదిరి జెండా దాటించేశారు. పర్వతాలు పక్కకు దూకి తిట్టాడు.

యామిని అనే అమ్మాయి వంతు వచ్చింది. మాట నెమ్మది, ఎవరికీ ఎదురు చెప్పని పిల్ల. సుమిత్ర మిగతావాళ్ల మీద కన్నా గట్టిగా అరిచింది. యామిని పెదవి కొరుక్కుని బ్రేకు తొక్కింది. బండి జెండాకు చాలా ఇవతలే నిలిచింది.

"ఎందుకాపినవ్? నేను పోనియ్ అన్నగద!"

"ఆగుదాం మేడమ్," అంది యామిని, స్టీరింగు వదలకుండా. "దిగినంక నన్ను తిట్టండి."

సుమిత్ర తిట్టలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి, జెండా దించమని పర్వతాలుకు చెయ్యి ఊపింది.