స్రవంతి చెవికి అంటించిన మిషన్

హలో, హలో! లైన్లో ఉన్నారా అందరూ? నేను స్వామిని, ప్రగతి నగర్ నుంచి. గుడ్ మార్నింగ్ పువ్వుల ఫోటో పంపడానికి రాలేదు ఈసారి. కడుపు మండి రాస్తున్నాను. నేను ఏడో తరగతి దాటినవాడిని కాదు, తప్పులుంటే సర్దుకోండి. విషయం మాత్రం చివరిదాకా చదవండి.

స్రవంతి మా చెల్లెలు అంజమ్మ కూతురు. పుట్టినప్పటి నుంచీ వినపడదు. ఎవరైనా "అయ్యో పాపం" అంటే దానికి ఒళ్లు మంట. "నేను డెఫ్. రన్నర్‌ని" అని చేతులతో చెబుతుంది. రెండు వందల మీటర్ల పరుగు దానిది. ఖాజాగూడ గుట్టల దగ్గర పొద్దున్నే ప్రాక్టీసు చేస్తుంది. ఈసారి రాష్ట్ర సెలక్షన్‌లో మొదటి ఇద్దరిలో ఉంటే ఇండోర్‌లో జాతీయ డెఫ్ పోటీలకు వెళ్తుంది. ఇంట్లో అందరి ఆశా దాని మీదే.

ఇలాంటి పిల్లల మీద హరిత అనే అమ్మాయి డాక్యుమెంటరీ తీస్తోంది. అనంతపురం పిల్ల. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, కెమెరాను తువ్వాల్లో చుట్టుకుని తిరుగుతోంది. నాకు చేతి భాష వచ్చు కాబట్టి, సెక్యూరిటీ డ్యూటీకి సెలవు పెట్టి నేనూ తోడు వెళ్లాను. జిల్లాలన్నీ ఎర్ర బస్సుల్లోనే తిరిగాం. లాడ్జిల జోలికి పోలేదు. డెఫ్ స్కూలు హాస్టల్లో చాప వేస్తే అక్కడ పడుకున్నాం, లేదంటే బస్టాండు బల్లలే. డెఫ్ పిల్లల్ని చూసి నాకు అసూయ కూడా కలిగింది. బస్సు కదిలాక మనం గొంతు చించుకుంటాం. వాళ్లు కిటికీలోంచి, మలుపు తిరిగేదాకా, హాయిగా కబుర్లు చెప్పుకుంటారు.

ఇండోర్‌కు మాత్రం ముగ్గురం వెళ్లి, ఉండి, సినిమా పూర్తి చేసే స్తోమత మాకు లేదు. అప్పుడే హైటెక్ సిటీలో చెవి మిషన్లు అమ్మే ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. అద్దాల మేడ. ఏసీ చలికి నాకు పళ్లు టకటకలాడాయి. కాఫీ ఇచ్చారు. కొత్త మిషన్ చూపిస్తూ స్రవంతి చెవికి పెట్టి, పక్క నుంచి ఫోటో తీసుకున్నారు. మర్యాదకు పిల్ల కూర్చుంది.

తరవాత వినయ్ అనే మేనేజరు వచ్చాడు.

"స్వామిగారూ, ఇండోర్ ప్రయాణం, హోటలు, అంతా మేం చూసుకుంటామండి. పాప సెలక్షన్‌లో ఇది పెట్టుకుని పరిగెత్తితే చాలు."

"పెట్టుకుంటే పోటీలకెల్లి తీసేస్తరు సార్. డెఫ్ పోటీలల్ల చెవి మిషన్ ఉండొద్దు. రూల్ అది."

అతను నవ్వాడు. "చెవిటోళ్ల పోటీలో చెవి మిషన్ వద్దా? భలే రూలండీ!"

"అందరూ ఒకే మాదిరిగా పరిగెత్తాల కదా సార్," అంది హరిత. "ఒకరికి కొనే శక్తి ఉంటాది, ఇంకొకరికి ఉండదు. అందుకే అందరూ తీసేసి దిగుతారు. తుపాకీ మోత కూడా ఉండదు. ముందర లైటు పచ్చగా వెలిగితే పరుగే."

"పోనీ ఆఫ్ చేసి పెట్టుకోమనండి. ఫోటో కోసమే కదా."

స్రవంతి చేతులు చకచకా కదిలాయి. నేను తెలుగులో చెప్పాను. "సార్, ఉరికేది నా కాళ్లు. మీ మిషన్‌కు కాళ్లు మొలిచినంక చెప్పుండ్రి, ఇద్దరం కలిసి ఉరుకుతం."

వినయ్ ముఖం మాడిపోయింది. మా కాఫీ కప్పులు తీసుకెళ్లారు. కిందికి దిగి షేర్ ఆటో ఎక్కాం.

"బాధైతుందా బిడ్డా?" అని అడిగాను చేతులతో.

"కాఫీ బాగుండె" అంది.

సెలక్షన్ రోజు పరుగుకు ముందు ఒక ఆఫీసరు ప్రతి పిల్ల జుట్టు పక్కకు జరిపి చెవులు చూసింది. లైటు పచ్చబడింది. స్రవంతి రెండో స్థానంలో వచ్చింది! స్టాండులో ఉన్నవాళ్లంతా చేతులు పైకెత్తి ఊపారు. వాళ్ల చప్పట్లు అవే. ఒక్క శబ్దం లేదు. నాకు ఏడుపొచ్చింది. హరిత కెమెరా వదలకుండానే కళ్లు తుడుచుకుంది.

తరువాతి వారం రాయదుర్గం వైపు డ్యూటీకి వెళ్తుంటే రోడ్డు పక్కన పెద్ద పోస్టరు. పరుగెత్తుతున్న స్రవంతి. చెవికి మిషన్. కింద "విన్నది, గెలిచింది" అని అక్షరాలు. పోటీలో ఎవరో తీసిన ఫోటోకు, ఆ రోజు ఆఫీసులో తీసిన చెవిని అతికించారు! ఫోన్లలో కూడా అదే తిరుగుతోంది.

వెంటనే వినయ్‌కు ఫోన్ చేశాను.

"అది క్రియేటివ్ అండి. మీకూ పబ్లిసిటీ వచ్చింది కదా."

"ఏం పబ్లిసిటీ సార్? పిల్ల బతుకు ఆగం జేసిన్రు!"

"కూల్ అండి, కూల్" అని పెట్టేశాడు.

ఆగమే అయింది. మూడో స్థానంలో వచ్చిన అమ్మాయి తండ్రి రామాంజనేయులు పోస్టరు చూసి ఫిర్యాదు చేశాడు. స్రవంతి పేరు ఆపేశారు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేనైనా అదే చేసేవాణ్ని. "నా కూతురు తీసేసి పరిగెత్తింది గదా. మీ పాపకు స్పెషలా?" అని అడిగితే ఏం చెబుతాం?

సెలక్షన్ కమిటీ ముందు కూర్చున్నాం. కార్యదర్శి రాజరాజేశ్వరి మేడం కూడా డెఫ్. ఒకప్పుడు జావెలిన్ విసిరేది. హరిత ఆ రోజు తీసిన వీడియో ఒక్క ముక్క కూడా కోయకుండా మొత్తం పెట్టింది. ఆఫీసరు జుట్టు జరపడం, ఖాళీ చెవి, లైటు, పరుగు, చివరి గీత, ఆ తర్వాత కూడా ఖాళీ చెవే. మేడం రెండోసారి చూసింది. స్రవంతి వైపు తిరిగి చేతులతో అంది, "నీ చెవి ఖాళీ. ఆ పోస్టరు వేసినవాళ్ల కళ్లు ఖాళీ."

పేరు మళ్లీ ఎక్కించారు. రామాంజనేయులు బయట నా భుజం పట్టుకుని, "నన్నూ మోసం చేసినారే స్వామీ!" అన్నాడు. ఆయన కూతురూ, స్రవంతీ అప్పటికే మెట్ల మీద కూర్చుని చేతులతో గలగలా మాట్లాడుకుంటున్నారు.

కంపెనీ మాత్రం పోస్టరు దించలేదు. క్షమాపణ లేదు. అడిగితే "మా లీగల్ టీమ్ చూస్తుందండి" అంటున్నారు. పిల్ల ఏళ్ల తరబడి గుట్టల మధ్య పడిన కష్టాన్ని ఒక ప్లాస్టిక్ ముక్క ఖాతాలో రాసేసుకున్నారు. అడగకుండా! సిగ్గు లేదా అండీ?

ఇండోర్‌కు జనరల్ బోగీలో వెళ్తున్నాం. అంజమ్మ చపాతీలు కడుతోంది. అక్కడ ఎవరైనా ఫోన్‌లో ఆ పోస్టరు చూసి, మా అమ్మాయిని మళ్లీ అనుమానంగా చూడకూడదు. కాబట్టి అన్నలారా, అక్కలారా, ఆ ఫోటో మీ గ్రూపుల్లోకి వచ్చి ఉంటే, దాని కిందే నేను రాసింది పెట్టండి. పంపినవాళ్లకు కూడా పంపండి. అబద్ధం తిరిగిన ప్రతి ఫోన్‌లోకీ ఇదీ వెళ్లాలి.