కంప వేసిన వాలు

మా మేతభూముల శాఖలో జ్ఞానానికి కొదవ లేదు. గోడల నిండా చార్టులు, బల్లల మీద కరపత్రాలు, బీరువాల్లో పోయినేటి కరపత్రాలు. లేనిదల్లా గడ్డి. "అందరం కలిసి నేర్చుకుందాం" కార్యక్రమంలో చూపించడానికి ఒక్క పచ్చటి వాలైనా దొరక్క డైరెక్టరుగారు దిగాలుపడ్డారు.

నా నోరు ఊరుకుంటేనా! "మా మేనత్తకుందండీ" అనేశాను. గుమాస్తాకు పైవాడి మెప్పుకన్నా తీపి ఏముంటుంది?

అత్తకు అరవై గొర్రెలు. తొలివాన పడ్డనాడే ఊరి వెనక వాలుకు ముళ్లకంప అడ్డం వేసి, ఒక్క గొర్రెనూ అడుగుపెట్టనివ్వలేదు. ఎండాకాలమంతా మందకు ఆ గడ్డే ఆధారం.

"ఎంతమందొస్తార్రా?" అని అడిగింది.

"పదిమంది అత్తా. దూరం నుంచి చూసి పోతారు."

"నీ మాట మీదే కంప తీస్తున్నా."

పదిమందా! నాలుగు శాఖలు, రెండు కాలేజీలు, ఒక సంఘం. కలిసి రావడమే కదా ఉద్దేశం, కలిసే వచ్చారు, మూడు బస్సుల్లో, పదకొండు జీపుల్లో. రోడ్డు పక్కన జాగా లేదని జీపులు వాలెక్కించారు. గడ్డిలోనే టెంటు వేసి కుర్చీలు పరిచారు. పచ్చికను తొక్కకుండా వదిలేస్తే ఎంత మేలో ఒక నిపుణుడు మైకులో గంటన్నర చెప్పాడు. నాలుగు వందల కాళ్లు గడ్డి మీద కదలకుండా విన్నాయి. ఆపైన మేత కొలవడం నేర్పుతామంటూ ఎక్కడికక్కడ గడ్డి కోసి సంచుల్లో పట్టుకుపోయారు. "గడ్డికి విశ్రాంతి ఎందుకు?" అనే కరపత్రం అత్త చేతిలో పెట్టి, ఆమెకు చదువు రాదని తెలిసి, ఓపిగ్గా చదివి వినిపించారు. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే.

"అర్థమైందా అమ్మా?"

"అయింది బాబూ. మీరెప్పుడు లేస్తారు?"

సాయంత్రానికి వాలు సంత ఎత్తేసిన మైదానంలా ఉంది. వానలు వెళ్లిపోయాయి, ఆ గడ్డి ఇక ఈ ఏడు మొలవదు. అత్త తీసిన కంపను ఏరి ఒక పక్కన కుప్ప వేసింది. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

వారం తిరక్కుండానే డైరెక్టరుగారు పిలిచారు. కార్యక్రమం ఘనవిజయమట, రెండో విడతకు ఇంకో వాలు కావాలట. సరేనని తలూపి, క్షమించమని అడగడానికి అత్త దగ్గరికి వెళ్లాను. ఆమె ప్రయాణానికి మూట కడుతోంది.

"మందనెక్కడికి తోలుకెళ్తావత్తా?"

"ఇంకో వాలుందిలే. మా నాన్న చూపించాడు."

"ఎక్కడ?"

ఏ గడ్డి ఎప్పుడు మేపాలో చిన్నప్పుడు నాకు వేలు పట్టుకుని నేర్పిన మనిషి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఆఫీసుకు టైమవుతోంది. మీరెళ్లండి బాబూ" అంది.

నాకు బుద్ధి తెలిశాక అత్త నన్ను 'మీరు' అనడం అదే మొదటిసారి.